హన్మకొండ నుంచి కెనడా సూపర్ వీసాకు అప్లై చేయడం ఎలా? ఇన్సూరెన్స్‌తో మొదలుపెట్టండి

రిటైరయ్యాక కెనడాలో ఉన్న పిల్లల దగ్గర ఏడాదో రెండేళ్లో ఉండి రావాలనుకునే తల్లిదండ్రులకు, తాత నానమ్మలకు, అమ్మమ్మలకు సూపర్ వీసా అని ఒకటుంది. మామూలు విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలలకే గడువు అయిపోతుంది. సూపర్ వీసా మీద ఒకసారి దిగితే 5 ఏళ్ల దాకా ఉండొచ్చు. 2011 డిసెంబరులో ఇది మొదలైనప్పుడు ఆ గడువు రెండేళ్లే. 2022 జూలై 4 నుంచి ఐదేళ్లు చేశారు. వీసా 10 ఏళ్ల దాకా చెల్లొచ్చు, ఆ లోపు ఎన్నిసార్లయినా వెళ్లి రావొచ్చు. అయితే ఇది పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) కాదు. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అక్కడి ప్రభుత్వం తన ప్రజలకిచ్చే ఉచిత వైద్యం మీకు రాదు. ఇన్సూరెన్స్ షరతు అందుకే పెట్టారు.

మన దగ్గర చాలామంది ఈ ఇన్సూరెన్స్‌ను ఫైలులో చివర పెట్టే కాగితంగానే చూస్తారు. కొడుకు ఆన్‌లైన్లో చౌకగా దొరికిందేదో కొనేస్తాడు, నాయినకు అందులో ఏముందో తెలియదు. నన్నడిగితే పని అక్కడే మొదలుపెట్టాలంటాను. ఎందుకో చెప్పే ముందు, మీరు అసలు అర్హులో కాదో రెండు మాటల్లో చూద్దాం.

ముందు చూడాల్సింది పిల్లల కాగితాలు

మీ కొడుకు గానీ బిడ్డ గానీ కెనడా పౌరులై ఉండాలి, లేదంటే పీఆర్ అయినా ఉండాలి. స్టడీ పర్మిట్ మీద చదువుకుంటున్నా, వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేస్తున్నా సూపర్ వీసా కుదరదు. అప్పుడు మామూలు విజిటర్ వీసాయే దారి. "పీఆర్‌కు అప్లై చేసిండు, వచ్చేస్తది" అన్నా సరిపోదు, వచ్చి ఉండాలి.

రెండోది ఆదాయం. పిలిచే పిల్లల ఆదాయం అక్కడి ప్రభుత్వం ప్రకటించే కనీస మొత్తాన్ని అందుకోవాలి. ఆ పట్టిక కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది, ఏటా మారుతుంది. లెక్క తప్పేది తలల దగ్గరే. కొడుకు, కోడలు, మనవడు, మీరిద్దరు: ఇది ఐదుగురి కుటుంబం కింద లెక్క, ముగ్గురిది కాదు. కొడుకు ఇంతకుముందే ఇంకెవరికైనా స్పాన్సర్‌గా ఉండి, ఆ బాధ్యత ఇంకా నడుస్తుంటే వాళ్లనూ కలపాలి. ఒక్కరి జీతం చాలకపోతే కోడలు గానీ అల్లుడు గానీ కూడా సంతకం చేసి తమ ఆదాయం కలపొచ్చు. రుజువుగా అక్కడి పన్ను శాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, కంపెనీ ఇచ్చే ఉద్యోగ లెటర్ పెట్టాలి.

వీటితోపాటు పిల్లలు ఆహ్వాన లేఖ రాయాలి. మీరున్నన్నాళ్లూ మీ ఖర్చు తామే భరిస్తామన్న మాట, ఇంట్లో ఎంతమంది ఉంటారన్న వివరం అందులో ఉండాలి. వాళ్ల పౌరసత్వం లేదా పీఆర్ కాగితం నకలు జతచేయాలి.

ఇన్సూరెన్స్: వీసా ఆఫీసరు చూసేది ఒకటి, ఆసుపత్రి చూసేది ఇంకొకటి

కెనడా అడిగేది సూటిగానే ఉంటుంది. ఒక్కొక్కరికి కనీసం 1,00,000 కెనడా డాలర్ల కవరేజీ కావాలి. మన లెక్కన 60 లక్షల రూపాయల పైమాటే. దిగిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లాలి. వైద్యం, ఆసుపత్రిలో చేరిక, స్వదేశానికి చేర్చే ఖర్చు, మూడూ అందులో ఉండాలి. కొటేషన్ పెడితే ఒప్పుకోరు, డబ్బు కట్టినట్టు రసీదు కావాలి. మొత్తం ఒకేసారి కట్టొచ్చు, లేదా కొంత ముందు కట్టి మిగతాది వాయిదాల్లో కట్టొచ్చు.

పాలసీ ఇచ్చేది కెనడా కంపెనీ అయి ఉండాలి. 2025 జనవరి 28 నుంచి, ఓఎస్‌ఎఫ్‌ఐ అనే అక్కడి నియంత్రణ కార్యాలయం అనుమతి ఉన్న విదేశీ కంపెనీల పాలసీలనూ తీసుకుంటున్నారు. టికెట్‌తో కలిపి ఇక్కడి ట్రావెల్ ఏజెంటు ఇచ్చే పాలసీ దీనికి పనికిరాదనే అనుకోండి. కంపెనీ పేరు ఆ కార్యాలయం జాబితాలో మీ కంటికి కనబడితేనే ఆలోచించండి. అలాగే ఆరోగ్యశ్రీ, రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ కార్డు, సింగరేణి రిటైర్డ్ మెడికల్ కార్డు, ఇవేవీ ఈ షరతుకు లెక్కకు రావు.

ఇంతవరకు వీసా ఆఫీసరు చూస్తాడు. ఇవి ఉంటే ఆయన పని అయిపోయినట్టే. మీకు షుగరుందా, గుండెలో స్టెంట్ ఉందా, ఆ పాలసీ దానికి డబ్బిస్తుందా అన్నది ఆయన చూడడు. అది మీరే చూసుకోవాలి. అక్కడ విదేశీయులకు ఆసుపత్రిలో ఒక్క రోజుకే వేల డాలర్ల బిల్లు పడుతుంది.

ముందు ఇది తెలుసుకోండి: ఇవి ఎమర్జెన్సీ పాలసీలు. అనుకోకుండా వచ్చిన జబ్బుకు, దెబ్బకు మాత్రమే. నెలనెలా చెకప్, రోజూ వేసుకునే గోలీలు, కంటిశుక్లం ఆపరేషన్, మోకాలి చిప్ప మార్పిడి, ఇవేవీ ఇందులో రావు. అలాంటి పనులేమైనా ఉంటే వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ముగించుకునే వెళ్లండి.

ఇక ముందునుంచే ఉన్న జబ్బుల సంగతి. పాలసీలు రెండు రకాలు. ఒక రకం పాత జబ్బులను పూర్తిగా పక్కన పెడుతుంది. రెండో రకం, పాత జబ్బు స్టేబుల్‌గా ఉంటే దాని వల్ల వచ్చే ఎమర్జెన్సీకీ డబ్బిస్తుంది. దీని ప్రీమియం ఎక్కువ. మన దగ్గర అరవై దాటినవాళ్లలో బీపీ గోలీ గానీ షుగర్ గోలీ గానీ లేనివాళ్లు ఎంతమంది చెప్పండి? అందుకే మందులు వాడేవాళ్లెవరూ మొదటి రకం జోలికి పోవద్దు. వీసా వస్తుంది, ప్రీమియం మిగులుతుంది, గుండెపోటు వస్తే మాత్రం కంపెనీ చేతులెత్తేస్తుంది.

స్టేబుల్ అంటే మన డాక్టరు "అంతా బాగానే ఉంది" అనడం కాదు. పాలసీ మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి ఇన్ని రోజులని లెక్క ఉంటుంది. కంపెనీనిబట్టి, వయసునిబట్టి అది 90 రోజులు, 120, 180, కొన్నిట్లో ఏడాది కూడా. ఆ రోజుల్లో కొత్త లక్షణాలు కనబడకూడదు, ఆసుపత్రిలో చేరకూడదు, డాక్టరు చెప్పిన పరీక్ష పెండింగులో ఉండకూడదు, మందు మారకూడదు. మందు మారడమంటే కొత్త గోలీ మొదలుపెట్టడమే కాదు. డోసు పెంచినా మార్పే, ఆపేసినా మార్పే, చాలా పాలసీల్లో తగ్గించినా మార్పే.

ఒక లెక్క చూడండి. మీ పాలసీ మార్చి 10న మొదలవుతుంది, స్టేబుల్ గడువు 180 రోజులు. అంటే సెప్టెంబరు రెండో వారం నుంచి మీ మందులు కదలకూడదు. సంక్రాంతికి షుగర్ పెరిగిందని డాక్టరు 500 గోలీని 1000 చేశాడు. అక్కడ ఏప్రిల్‌లో షుగర్ వల్ల ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు మీ కొడుకు నెత్తిన పడుతుంది. పాలసీ కాగితం మీద లక్ష డాలర్లని ఉన్నా అంతే.

అలాగని ఆ ఆరు నెలలు డాక్టరు మొహం చూడకుండా ఉండమని కాదు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చేయాల్సింది ముందుగా జరుపుకోవడం. ఉగాదికి ప్రయాణం అనుకుంటే బతుకమ్మకు ముందే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, పరీక్షలన్నీ చేయించుకుని, మార్చాల్సిన మందులు అప్పుడే మార్పించుకోండి. బతుకమ్మ మొదలు నుంచి ఉగాది దాకా ఇంచుమించు ఆరు నెలలు మీ చేతిలో ఉంటాయి. మధ్యలో మందు మార్చక తప్పలేదా, మార్పించుకోండి, వెంటనే పాలసీ ఇచ్చిన బ్రోకరుకు చెప్పి పాలసీ మొదలయ్యే తేదీని వాయిదా వేయించండి. పాలసీ మొదలవకముందు తేదీ మార్చడం చాలా కంపెనీల్లో కుదురుతుంది. టికెట్ మార్చితే నష్టం వేలల్లో ఉంటుంది, మార్చకపోతే లక్షల్లోకి పోతుంది.

ఆరోగ్య ప్రశ్నావళి నింపేటప్పుడు తల్లిదండ్రులు ఇద్దరూ ఫోన్లో ఉండాలి. "బీపీ గోలీ ఒక్కటే కదా, అదేం రోగమా" అని నాయిన దాచిపెడతాడు, బిడ్డ "లేదు" అని టిక్ పెడుతుంది. క్లెయిమ్ వచ్చిన రోజున కంపెనీ మీ పాత రికార్డులన్నీ అడుగుతుంది. ఒక్క జవాబు తప్పని తేలితే పాలసీ మొత్తం చెల్లదనొచ్చు, ఆ జబ్బుకు ఈ బిల్లుకు సంబంధం లేకపోయినా సరే. బీరువాలోని డిశ్చార్జి సమ్మరీలు, ప్రిస్క్రిప్షన్లు అన్నీ ముందు పెట్టుకుని, ఏ గోలీ ఏ డోసు ఎప్పటి నుంచి అన్నది ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు నింపండి.

డిడక్టిబుల్ అంటే క్లెయిమ్‌లో ముందు మీరు కట్టుకోవాల్సిన మొత్తం. ఇది ఎంత ఎక్కువ పెట్టుకుంటే ప్రీమియం అంత తగ్గుతుంది. 500 లేదా 1,000 డాలర్లయితే పిల్లలు తట్టుకుంటారు, ప్రీమియంలోనూ కాస్త మిగులుతుంది. ప్రీమియం తగ్గుతుందని 5,000, 10,000 పెట్టుకోవడం నాకు తెలివైన పని అనిపించదు. అది ఒక్కో క్లెయిమ్‌కా, పాలసీ మొత్తానికి ఒకసారేనా అన్నది కూడా అడగండి.

కొనే ముందు ఈ మూడు జవాబులు ఈమెయిల్లో తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. వీసా తిరస్కరిస్తే పూర్తి డబ్బు వాపసు వస్తుందా? చాలా కంపెనీలు తిరస్కరణ లేఖ చూసి ఇస్తాయి. ఏడాది కాకముందే తిరిగొస్తే, క్లెయిమ్ లేకపోతే, మిగిలిన నెలల డబ్బు ఇస్తారా? మధ్యలో పెళ్లికో తద్దినానికో ఇండియా వచ్చి మళ్లీ వెళ్తే పాలసీ బతికే ఉంటుందా? ఇండియాలో ఉన్న రోజులకు మాత్రం సాధారణంగా కవరేజీ ఉండదు.

పాలసీని అక్కడికి వెళ్లాక కొనుక్కుందామనే ఆలోచన వద్దు. వీసాకే అది కావాలి. పైగా దిగాక కొన్న పాలసీల్లో మొదటి కొన్ని రోజులు జబ్బులకు కవరేజీ లేకుండా వెయిటింగ్ పెడతారు.

పేర్లు, పుట్టిన రుజువులు

మీరు ఆ పిల్లల తల్లిదండ్రులేనని కాగితం మీద చూపించాలి. దీనికి పిల్లల బర్త్ సర్టిఫికెట్టే మేలు. ఊళ్లో ఇంటి దగ్గరే కాన్పు అయినవాళ్లకు అది ఉండకపోవచ్చు. వరంగల్ కార్పొరేషన్లో గానీ మీ మున్సిపాలిటీలో, గ్రామ పంచాయతీలో గానీ ముందు వెతికించండి. నమోదే లేకపోతే ఆలస్య నమోదుకు ఆర్డీవో దాకా వెళ్లాల్సి వస్తుంది. దానికి నెలలు పట్టొచ్చు, అందుకే ఇన్సూరెన్స్ తర్వాత ఇదే ముందు మొదలుపెట్టండి. పదో తరగతి మెమో జత చేయొచ్చు గానీ చాలా పాత మెమోల్లో తండ్రి పేరొక్కటే ఉంటుంది, అమ్మకు అది పనికిరాదు. పిల్లల ఇండియా పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి, తండ్రి పేర్లు రెండూ ఉంటాయి, దాన్నీ పెట్టండి.

మన దగ్గర అసలు చిక్కు స్పెల్లింగు. అమ్మ పేరు కొడుకు పాస్‌పోర్టులో లక్ష్మికి ఇంగ్లిషు ఎక్స్ పెట్టి ఉంటుంది, ఆమె పాస్‌పోర్టులో కేఎస్‌హెచ్ ఉంటుంది. ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ రాయించి పెట్టండి. ఆధార్, పాన్, పెన్షన్ పుస్తకం నకళ్లు దానికి జత చేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు కెనడా ఫారంలో తమ పేరు మొత్తం ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదలాలి.

పాస్‌పోర్టు గడువూ చూసుకోండి. వీసా పాస్‌పోర్టు గడువును దాటదు. ఇంకో రెండేళ్లే ఉంటే పదేళ్ల వీసా రాదు, కాబట్టి ముందే రెన్యువల్ చేయించండి. వరంగల్ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఆ పని అవుతుంది.

తిరిగొస్తారన్న నమ్మకం కలిగించే కాగితాలూ కావాలి: పెన్షన్ ఆర్డర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాస్‌బుక్, ఇక్కడే ఉంటున్న మరో బిడ్డ వివరాలు. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లిషు అనువాదం పెట్టాలి. ఆ అనువాదం ఇంట్లోవాళ్లు చేయకూడదు. అప్పు తెచ్చి ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేసి చూపించడం వద్దు, అది ఉన్న అనుమానాన్ని పెంచుతుంది.

అప్లికేషన్, మెడికల్, బయోమెట్రిక్

అప్లికేషన్ ఆన్‌లైన్లోనే, కెనడా ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైటులో. భార్యాభర్తలు ఇద్దరికీ వేర్వేరు అప్లికేషన్లు. ఒక్కొక్కరికి ఫీజు 100 డాలర్లు, బయోమెట్రిక్‌కు 85, కుటుంబమంతా కలిసి వేస్తే బయోమెట్రిక్ 170కి మించదు. 79 ఏళ్లు దాటినవాళ్లకు బయోమెట్రిక్ అక్కర్లేదు. పిల్లలు నింపిపెడితే చాలు, డబ్బు ఇచ్చి ఏజెంటును పెట్టుకోవాల్సిన అవసరం నాకైతే కనబడదు. అయినా హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఎవరినైనా పెట్టుకుంటే, ఫీజు తీసుకుని మీ తరఫున కెనడాతో వ్యవహరించడానికి అతనికి కెనడా లైసెన్సు ఉందో లేదో అడగండి. అకౌంటులో ఈమెయిల్ మాత్రం మీదే ఉండాలి, ఏజెంటుది కాదు.

మెడికల్ పరీక్ష కెనడా గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గరే చేయించాలి. మీ ఫ్యామిలీ డాక్టరు గానీ ఎంజీఎం ఆసుపత్రి గానీ ఇచ్చిన సర్టిఫికెట్ దీనికి చెల్లదు. హైదరాబాద్‌లో ప్యానెల్ డాక్టర్లున్నారు. ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని, బయోమెట్రిక్ కూడా అదే రోజుకో మర్నాటికో కుదిర్చుకుంటే ఒకే ప్రయాణంతో రెండు పనులూ అవుతాయి. హన్మకొండ బస్సులు ఉప్పల్ మీదుగానే వెళ్తాయి, అక్కడ దిగి మెట్రో ఎక్కేయొచ్చు.

ఎక్స్‌రే దగ్గర ఒక జాగ్రత్త. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా ఊపిరితిత్తుల మీద మచ్చ మిగిలిపోతుంది. అలాంటిది కనబడితే కఫం పరీక్ష అడగొచ్చు, దాని కల్చర్ ఫలితానికే ఎనిమిది వారాల దాకా పడుతుంది. రామగుండంలోనో మందమర్రిలోనో భూపాలపల్లిలోనో భూగర్భ గనుల్లో పనిచేసి దిగిపోయినవాళ్ల ఎక్స్‌రేలో బొగ్గు దుమ్ము గుర్తులు ఉండొచ్చు. పాత ఎక్స్‌రేలు, టీబీకి మందులు పూర్తిగా వాడినట్టు కాగితాలు వెంట తీసుకెళ్తే ఆ డాక్టరు పోల్చి చూడగలుగుతాడు. ఈ పరీక్షలో కొత్త జబ్బేదైనా బయటపడితే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. స్టేబుల్ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

బయల్దేరే ముందు, దిగాక

పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతి మీ ఎస్టీవో (సబ్ ట్రెజరీ) ఆఫీసులో గానీ బ్యాంకులో గానీ ముందే మాట్లాడుకోండి. ఫోన్లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి మీకు కుదురుతుందో లేదో ఇక్కడుండగానే ఒకసారి సరిచూసుకోండి. ఓటీపీలు వచ్చే సిమ్‌కు ఏడాది రీచార్జ్ వేయించి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించండి.

ఇండియాలో మీకున్న హెల్త్ పాలసీని మాత్రం ఆపొద్దు. "ఎలాగూ ఏడాది ఇక్కడ ఉండం కదా" అని ప్రీమియం మానేస్తే పాలసీ లాప్స్ అవుతుంది. తిరిగొచ్చాక ఆ వయసులో కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బులకు వెయిటింగ్ మళ్లీ మొదలు. ఆటో డెబిట్ పెట్టించి వెళ్లండి.

మందులు 90 రోజులకు సరిపడా, అసలు ప్యాకింగులో, ప్రిస్క్రిప్షన్‌తో పట్టుకెళ్లండి. అంతకంటే ఎక్కువ తీసుకెళ్లనివ్వరు. ఆ తర్వాతి మందులకు అక్కడ డాక్టరును చూడాలి, ఆ ఫీజు, మందుల ఖర్చు జేబులోంచే. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పండి.

పాలసీ ప్రింటు, ఆహ్వాన లేఖ, పిల్లల పీఆర్ కార్డు నకలు చెకిన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉండాలి. దిగగానే అధికారి అడగొచ్చు. ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది ఆయనే. స్టాంపు వేశాక కౌంటరు వదలకముందే చూసుకోండి. దాని మీద పెన్నుతో తేదీ రాస్తే మీ గడువు అదే. తక్కువ రాసినట్టనిపిస్తే "సూపర్ వీసా" అని అక్కడే మర్యాదగా చెప్పి అడగండి. గడువు దగ్గరపడ్డాక ఇంకా ఉండాలనుకుంటే అక్కడినుంచే పొడిగింపుకు అప్లై చేయొచ్చు, అదీ ఒక్కో పొడిగింపుకు రెండేళ్ల దాకా ఇస్తారు. పాలసీని మాత్రం ఏడాది నిండక ముందే రెన్యువల్ చేయించాలి.

ఇన్సూరెన్స్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు ఒక కార్డు మీద రాసి ఇద్దరి పర్సుల్లోనూ పెట్టండి, కోడలి ఫోన్లోనూ సేవ్ చేయించండి. ఆసుపత్రికి వెళ్లే ముందే ఫోన్ చేయాలని చాలా పాలసీల్లో ఉంటుంది. అంత వ్యవధి లేకపోతే ముందు అంబులెన్సుకు 911, ఆసుపత్రి చేరాక వీలైనంత త్వరగా కంపెనీకి. ఆలస్యమైతే బిల్లులో కొంత కోత పెడతారు.